బ్యాటరీ యార్డులో ఆరబోసిన వడ్లు

రిటైరైనవాళ్ళు రాసుకోవాల్సినవి నువ్వెందుకు రాస్తున్నావని మా ఆయన నవ్వాడు. నవ్వడంలో న్యాయం ఉంది, నాకింకా ముప్పై మూడు నిండలేదు. కాకపోతే ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. మళ్ళీ ఎప్పుడు చేరతానో తెలియదు. చేరేలోపు మర్చిపోతానేమోనని భయం. నాకు దేనికైనా ముందు భయమే వేస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. పాప పడుకున్నాకే తీరిక దొరుకుతుంది కాబట్టి ఇవన్నీ రాత్రిపూట రాసినవే. ఎక్కడైనా మాట తెగినట్టుంటే పాప నిద్రలో కదిలిందని అనుకోండి.

బాపట్లలో నేను చదివిన కాలేజీ పిల్లలు మొన్న ఫోన్ చేశారు. బ్యాటరీ స్టేషన్లలో ఉద్యోగాలు పడుతున్నాయంట అక్కా, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అని. అడిగేవన్నీ పుస్తకాల్లో ఉంటాయి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. వాళ్ళు అడగని సంగతి ఒకటుంది, అది మీకోసం రాస్తున్నాను.

మా స్టేషన్ భట్టిప్రోలు దాటాక రేపల్లె వైపు, వరి చేల మధ్య, సబ్‌స్టేషన్ని ఆనుకుని ఉండేది. మెరక చేసిన స్థలంలో తెల్లటి కంటైనర్లు వరసగా, ఓడలోంచి దించి ఎవరో మర్చిపోయినట్టు కనపడేవి. కొత్తలో ఊళ్ళోవాళ్ళు రొయ్యల కోల్డ్ స్టోరేజీ అనుకున్నారు. ఒకాయన సైకిలు మీద వచ్చి, కేజీకి ఎంత తీసుకుంటారమ్మా అని అడిగాడు. లోపలున్నవి బ్యాటరీలని తెలిశాక ఇంకా కష్టమైంది.

"ఇంత కరెంటు మా ఊరి పక్కనే దాచుకుని, మాకు పోతే మాత్రం ఇవ్వరా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక అలిసిపోయేదాన్ని. చివరికి కాలవ లాకుల లెక్కన చెప్పడం నేర్చుకున్నాను. మధ్యాహ్నం సీమలో ఎండ కాసినంతసేపూ సోలార్ కరెంటు వరదలాగా వస్తుంది. అప్పుడు వాడకం తక్కువ. పొద్దుగూకేసరికి సోలార్ సున్నా అవుతుంది, సరిగ్గా అప్పుడే ఇంటింటా లైట్లు, టీవీలు, మిక్సీలు. మబ్బు పడితే ఒక రకం, గాలి ఆగిపోతే ఇంకో రకం. ఎక్కువొచ్చిన నీళ్ళని ఆపి, తక్కువైనప్పుడు వదిలితేనే కాలవ కింద పొలాలన్నీ పండుతాయి. మేం చేసేదీ అదే. లాకులు మా దగ్గరున్నాయి. ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో చెప్పేది మాత్రం లోడ్ డిస్పాచ్ సెంటర్ వాళ్ళు. రాష్ట్రమంతటి కరెంటు రాకపోకలు చూసేది వాళ్ళే. పక్క పొలంవాడు అడిగాడని లాకులాయన గేటు ఎత్తడు కదా. ఇలా చెబితే పెద్దవాళ్ళు తలూపేవాళ్ళు. ఒప్పుకున్నారని కాదు, లాకులాయన మీద వాళ్ళకి ఎంత కోపం ఉందో నా మీదా అంతే ఉండేదని.

స్టేషన్లో పగటిపూట నలుగురం. మా సార్ యాభై దాటినాయన, బాపట్ల నుంచి కారులో వచ్చేవారు. బొగ్గు ప్లాంట్లో ఏళ్ళ తరబడి చేసి ఇక్కడికొచ్చారు. బొగ్గుని నమ్మినట్టు బ్యాటరీని నమ్మేవారు కాదు. "బొగ్గు మండితే కనపడిద్దమ్మాయ్. ఇది లోపలేం అనుకుంటందో ఎవడికి తెలుసు?" అనేవారు. శుక్రవారం శుక్రవారం ప్రతి కంటైనర్‌కీ నిమ్మకాయలు కట్టించేవారు. స్టేషన్ మొత్తాన్ని నిండా నింపి, పూర్తి జోరు మీద ఖాళీ చేసి చూపించాల్సిన పరీక్ష ఒకటి మిగిలుంది. ఆ పరీక్ష పేరెత్తితే సార్‌కి వచ్చే వారమే గుర్తొచ్చేది.

టెక్నీషియన్ది చీరాల, నేతపని చేసే ఇల్లు. నా ఈడువాడే. నోరు ఊరుకోదు. గేటు దగ్గరుండే వాచ్‌మన్‌ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. పూర్వం బస్సు కండక్టర్‌గా చేశాడట, టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేవాణ్ణని రోజుకోసారైనా చెప్పేవాడు.

నేను తెనాలి నుంచి రైల్లో వచ్చి వెళ్ళేదాన్ని. పాపకి అప్పుడు ఎనిమిదో నెల. మా అత్తయ్య దగ్గర వదిలేదాన్ని. డ్యూటీలో నా పని బ్యాటరీ సెల్లుల వేడి చూడటం. వేలకి వేల సెల్లులు, స్క్రీన్ మీద అన్నిటి అంకెలూ కదులుతుంటాయి. ఏ సెల్లయినా పక్కవాటికన్నా వేడెక్కుతుంటే ముందే పట్టుకోవాలి, ఎందుకంటే ఒకటి అంటుకుంటే ఆర్పడం మనుషుల వల్ల కాదు. మధ్యమధ్య ఫోన్ తీసి అత్తయ్యకి చేసేదాన్ని. "తాగింది, పడుకుంది, నువ్వు కూడా ఒక గంట పని చేసుకో తల్లీ" అనేది ఆవిడ. టెక్నీషియన్ ఊరుకునేవాడా?

"మేడమ్ గారికి రెండు డ్యూటీలండి. ఇక్కడ సెల్లుల జ్వరం, అక్కడ పాప జ్వరం. జీతం మాత్రం ఒకటే."

ఆ ఏడు సరిగ్గా వరి కోతలప్పుడు తుఫాను పట్టింది. కోత మిషన్లు ఒక్కసారిగా దిగి కోసినంత కోశాయి. వడ్లు కల్లాల్లో ఉండగానే వాన పడింది. ఆ తర్వాత వాన తగ్గింది గానీ ముసురు వదల్లేదు. మన వైపు వడ్లు ఎక్కడ ఆరబోస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. గట్టి నేల కనపడితే చాలు. రోడ్డు సగం వడ్లే, స్కూలు వరండా వడ్లే, చెరుకుపల్లి వెళ్ళే దారిలో కొత్తగా వేసిన వంతెన మీద కూడా వడ్లే. బస్సులవాళ్ళు తిట్టుకుంటూ పక్కనుంచి పోయేవాళ్ళు.

ఆ ఉదయం నేను కుర్చీలో కూర్చోగానే స్క్రీన్ మీద పసుపు రంగు హెచ్చరిక ఉంది. వెనక వరసలో చివరి ఇన్వర్టర్‌కి గాలి సరిగా అందడం లేదు. బ్యాటరీల్లోకి వెళ్ళే కరెంటూ, వాటిలోంచి వచ్చే కరెంటూ ఈ ఇన్వర్టర్ల గుండానే పోతాయి. పనిచేసినంతసేపూ వేడెక్కుతాయి. ఒక పక్క నుంచి ఫ్యాన్లతో గాలి పీల్చుకుని ఇంకో పక్క నుంచి వేడి గాలి వదులుతాయి. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుందనుకుని టెక్నీషియన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

అక్కడ నీలం బరకాలు పరిచి ఉన్నాయి. వాటి మీద తడి వడ్లు. ఇన్వర్టర్ వదిలే గాలికి ఎదురుగా నిలబడి ఒకావిడ చీర పైకి దోపి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. మా గోడ వెనక చేను కౌలుకి చేసే అక్క. నన్ను చూసి కాళ్ళు ఆపలేదు.

అది కంచె లోపలి భాగం. ప్రాణాపాయం అని బొమ్మతో సహా రాసి ఉంటుంది. ఫిల్టర్ చూస్తే దాని నిండా వడ్ల నూగు, బూజు పట్టినట్టు.

"ఎవరు రానిచ్చారక్కా నిన్ను?"

"బాబాయే రమ్మన్నాడమ్మా. నిన్న మధ్యాహ్నం చూశాడంట, ఈ మూల వేడి గాలి కొడతందని."

బాబాయ్ అప్పటికే వెనకాలొచ్చి నిలబడ్డాడు. తప్పు చేసినట్టు లేడు, ఉపకారం చేసినట్టే ఉన్నాడు.

"ఉత్తినే పోతందమ్మా గాలి. ఉత్తినే పోయేదాన్ని వాడుకుంటే ఏంటంట?"

"టికెట్ లేకుండా ఎక్కించావన్నమాట బాబాయ్" అన్నాడు టెక్నీషియన్, మెడ గోక్కుంటూ. నూగు వాడి చొక్కాలోకి కూడా పోయింది.

నేను అరిచాను. ఇక్కడ కరెంటు ఎంత ఉంటుందో, నూగు లోపలికి పోతే ఏమవుతుందో, ఒక నిప్పురవ్వ చాలని, అన్నీ అరిచాను. అక్క నా మాట పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత ఒంగి గుప్పెడు వడ్లు తీసి నా చేతిలో పోసింది. వెచ్చగా, పులిసిన వాసన వేస్తున్నాయి. కొన్ని గింజల కొసన తెల్లటి చుక్క, మొలక పొడుస్తోంది.

"ఇంకో రెండు పూటలైతే ఇది నారుమడేనమ్మా. ఊళ్ళో ఎక్కడా ఎండ లేదు. మీ కాడే ఉంది."

ఆ మాట నన్ను ఆపేసింది. నిజానికి ముందురోజు ఆ ఇన్వర్టర్లోంచి వచ్చిన వేడి సీమ ఎండదే. అక్కడెక్కడో కొండల పక్కన కాసిన ఎండ తీగలమీద వచ్చి ఇక్కడ గాలయింది. ఆవిడకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. అయినా సరిగ్గానే చెప్పింది.

కంచె లోపల మాత్రం కుదరదన్నాను. అది ఎంత ఏడ్చినా కుదరదు. మరి ఎక్కడ? ఆ మూలకి ఎదురుగా కంచె బయట బళ్ళు నిలిపే రేకుల షెడ్డు ఉంది, కింద సిమెంటు నేల. ఇన్వర్టర్ గాలి అటే కొడుతుంది గానీ కంచె దాటేసరికి చెదిరిపోతుంది. టెక్నీషియన్ కాసేపు అటూ ఇటూ నడిచి, "బరకాలు ఇంకో నాలుగు తెప్పించండి, సందు కడతాను" అన్నాడు. కంచె బయట రెండు పక్కలా గుంజలు పాతి, బరకాల్ని గోడల్లాగా, పైన కప్పులాగా లాగి కట్టాడు. మిషనుకి ఎక్కడా తగలకుండా, దాన్నుంచి వచ్చిన గాలి చెదరకుండా నేరుగా షెడ్డులోకి పోయేటట్టు. గాలి అటే పోతుంది కాబట్టి నూగు వెనక్కి రాదు. మగ్గం మీద తెగిన పోగు అతికిన చేతులు వాడివి, ముళ్ళన్నీ చిన్నగా, గట్టిగా పడ్డాయి.

"ఇదేం పనిరా, పెళ్ళి పందిరి కడుతున్నావా?" అన్నాడు బాబాయ్.

"నీ పెళ్ళికే బాబాయ్. పెళ్ళికూతురు వడ్లు తిరగేస్తంది, ఆమె మొగుడు వింటున్నాడు, జాగ్రత్త."

అక్క మొగుడు బస్తా భుజాన వేసుకుని వస్తూ నిజంగానే విన్నాడు. ఆ వారంలో అతను నవ్వడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

వడ్లన్నీ షెడ్డులోకి చేరాయి. పలచగా ఒక తడవకి సరిపడా పరిచి, ఆరినవి ఎత్తి, ఇంకో తడవ పరవాలని లెక్క. మిగతావి ఒక పక్క రాశిగా పోశారు. అక్క బరకాల సందు ముందు చెయ్యి పెట్టి చూసింది.

"గాలొస్తంది గానీ వేడి లేదమ్మా."

ఉండదు మరి. ఆ రోజు డిస్పాచ్ సెంటర్ మమ్మల్ని ఏమీ అడగలేదు. పని లేని మిషను వేడెక్కదు. స్టేషన్ మొత్తం పూర్తి జోరు మీద పనిచేస్తేనే ఆవిడకి కావలసిన గాలి వస్తుంది. అలా పనిచేయించే పరీక్ష ఒకటి మా సొరుగులోనే పడి ఉంది.

సార్ వచ్చేసరికి పదిన్నర. కారు పెట్టుకుందామని షెడ్డు దగ్గరికి పోయి, దిగి, బరకాల సందూ వడ్లూ చూసి, నేరుగా కంట్రోల్ రూముకొచ్చారు. జరిగింది చెప్పాను. కంచె బయటికి మార్పించానని, ఫిల్టర్లు కడిగించానని చెప్పాను. ఆ తర్వాత గొంతు సవరించుకుని పరీక్ష మాటెత్తాను.

"వడ్ల కోసం గ్రిడ్డు నడపమంటావా అమ్మాయ్?"

"వడ్ల కోసం కాదు సార్. పరీక్ష ఎలాగూ చెయ్యాలి కదా. వాతావరణం చల్లగా ఉంది, ఇంతకన్నా మంచి రోజు దొరకదు."

"నువ్వు అబద్ధం చెబితే నాకు తేలిగ్గా ఉండేది. చెప్పటంలా." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "పరీక్షలో ఏదన్నా అయితే?"

"అయితే ఆపేద్దాం సార్. ఆపే మనిషిని నేనిక్కడే కూర్చుంటాను."

కిటికీలోంచి షెడ్డు కనపడుతోంది. అక్క అరిచేత్తో వడ్లు నలిపి వాసన చూస్తోంది. సార్ కాసేపు అటే చూసి, డిస్పాచ్ సెంటర్‌కి ఫోన్ కలిపారు. అక్కడి ఇంజినీరు గొంతు స్పీకర్లో వినపడింది. పెండింగ్ పరీక్ష ఈరోజు చేస్తామంటే ఆయనకి నమ్మకం కుదరలేదు.

"మీరేనా సార్? మూడు నెలల్నించి నేను బతిమాలుతుంటే వచ్చే వారం అన్నారు. ఈరోజేంటి హఠాత్తుగా?"

సార్ దాచలేదు. "మా పక్క పొలంవాళ్ళ వడ్లు తడిశాయండి. మా మిషను గాలికి ఆరతాయని మావాళ్ళ ఆశ."

తిడతాడనుకున్నాను.

"మా మావగారిది కారంచేడండి, ఆయన వడ్లూ తడిశాయి. నిన్నంతా ఫోన్‌లో ఏడుపే" అన్నాడాయన. ఆ వెంటనే గొంతు మార్చుకున్నాడు. "చూడండి, వడ్ల సంగతి నేను వినలేదు. తుఫాను వెనకాల సీమలో గాలిమరలు విపరీతంగా తిరుగుతున్నాయి. పంపులు ఆగిపోయి వాడకం పడిపోయింది. ఆ కరెంటు ఎవరికివ్వాలో తెలీక కూర్చున్నాను. తీసుకోండి. సాయంత్రం లైట్లేసే టైముకి తిరిగివ్వండి. ఇది మాత్రం నిజంగా నాకు అవసరమే."

మొదలుపెట్టాం. కాసేపటికి ఫ్యాన్లన్నీ ఒకేసారి హోరెత్తాయి. మేం చేరాక ఆ స్టేషన్ అంత గొంతుతో పలకడం అదే మొదలు. బయటికెళ్ళి చూద్దును కదా, బరకాల గోడలు ఉబ్బి తెరచాపల్లా ఉన్నాయి. అక్క సందు ముందు నిలబడి ఉంటే ఆవిడ జుట్టు వెనక్కి ఎగురుతోంది. ఒక తడవ ఆరింది, ఎత్తారు. ఇంకో తడవ పరిచారు. ఆవిడ ఒక గింజ పళ్ళ మధ్య పెట్టి కొరికి, టక్కున విరిగిన చప్పుడు నాకు వినిపించాలని మళ్ళీ ఇంకోటి కొరికింది.

మధ్యాహ్నానికి బ్యాటరీలు నిండాయి. సాయంత్రం దీపాల వేళకి డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది, వదలడం మొదలుపెట్టాం. ఇప్పుడు మన జిల్లాలోనో ఇంకెక్కడో ఇళ్ళల్లో వెలిగే లైట్లలో మాదీ కొంత ఉందని చెప్పడానికి నేను అత్తయ్యకి ఫోన్ చేశాను. "అయితే నువ్వు పంపిన కరెంటుతోనే దీనికి సెరిలాక్ కలుపుతున్నానంటావా" అందావిడ. ఆ రోజు నాకు అంత సంతోషంగా ఉంది.

షెడ్డులో రాశి కరుగుతోంది. చివరి తడవ ఒక్కటి మిగిలింది. అది పరిచారు. ఇంకో గంటన్నర మిషను నడిస్తే అదీ అయిపోతుంది.

అప్పుడు మూడో వరసలో ఒక కంటైనర్లో, ఒక మూలనున్న సెల్లు అంకె నా కంటికి తేడాగా కనపడింది. ఎక్కువేం కాదు. హద్దుకి చాలా కింద. కానీ చుట్టూ ఉన్నవి ఒక తీరుగా వేడెక్కుతుంటే అదొక్కటీ తొందరపడుతోంది. చూస్తుండగా మళ్ళీ పెరిగింది. చంటిపిల్లలున్న ఇంట్లో వాళ్ళకి తెలుస్తుంది, ఒళ్ళు వెచ్చగా ఉండటం వేరు, వేడి ఎక్కుతూ ఉండటం వేరు.

"హద్దు రాలేదు కదా మేడమ్" అన్నాడు టెక్నీషియన్. వాడిలో ఎగతాళి లేదు. "వస్తే మిషనే ఆగిపోద్ది. ఇంకో గంటన్నరే."

సార్ నా వెనక నిలబడి ఉన్నారు. ఆపమనీ అనలేదు, ఆపొద్దనీ అనలేదు. నేను కిటికీలోంచి చూశాను. షెడ్డు లైటు కింద అక్క చివరి వడ్లలో చాళ్ళు తీస్తోంది, ఒక్క నిమిషం కూడా పోనివ్వకూడదన్నట్టు గబగబా.

నేను భయస్తురాలిననే పేరుంది నాకు. ఇంట్లోనూ, స్టేషన్లోనూ. ఇది ఆ భయమేనా, లేక నిజంగానే అక్కడేమన్నా ఉందా? నాకు తెలియలేదు. ఇంటర్వ్యూలో అడగనిది ఇదే పిల్లలూ. తెలిసినప్పుడు ఏం చెయ్యాలో అందరూ నేర్పుతారు.

డిస్పాచ్ సెంటర్‌కి ఫోన్ చేసి తగ్గిస్తున్నామని చెప్పాను. ఆయన ఇంకోచోటు నుంచి సర్దుకున్నాడు. నేను ఆపేశాను. ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. ఉబ్బిన బరకాలు చప్పబడి గుంజలకి వేలాడాయి.

షెడ్డులోకి నేనే వెళ్ళాను. ఎవర్నైనా పంపొచ్చు, మనసొప్పలేదు.

"ఆగిపోయిందేంటమ్మా?"

"నేనే ఆపానక్కా. ఒక చోట వేడి ఎక్కువవుతోంది."

"ఏమన్నా అయిద్దా?"

"తెలీదు. తెలీకే ఆపాను. మళ్ళీ ఈరోజు నడపలేం."

అక్క కాళ్ళ కిందున్న వడ్లు చూసుకుంది. చీకట్లో ఉన్న కంటైనర్ల వైపు చూసింది. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

"పోనీలే. అది అంటుకుంటే నా వడ్లేం ఆరతాయి, పేలాలయిపోతాయి" అంది. అని నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది, కూర్చుండిపోయింది.

వెనక నుంచి సార్ గొంతు. "బాబాయ్, ఆ బస్తాలు పట్టు. నా గదిలోకి."

మాకు అర్థం కాలేదు.

"నా గదిలో ఏసీ ఉందా లేదా? గాల్లో నెమ్ము లాగేసిద్దా లేదా? అది కంచె బయటే కదా అమ్మాయ్, నీ రూలుకి ఇబ్బంది లేదుగా?"

కంట్రోల్ రూము పక్కన సార్ గది. బల్ల గోడకి జరిపారు. కుర్చీలు బయట పెట్టారు. సార్ తన చెప్పులు తానే తీసి వరండాలో పెట్టి, నేల మీద బరకం పరిచారు. పొద్దున్నుంచీ నోరు మెదపని అక్క మొగుడు గుమ్మం దగ్గర ఆగి, "కాళ్ళు కడుక్కుని రావాలాండి?" అని అడిగాడు. "నీ వడ్లే కదయ్యా, రా" అన్నారు సార్. నేను రైలుకి బయలుదేరేసరికి ఆయన తన బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, కింద వడ్లు తిరగేస్తున్న అక్కకి బొగ్గు ప్లాంటు కబుర్లు చెబుతున్నారు. ఆవిడ ఊఁ కొడుతోంది.

మర్నాడు ఆ కంటైనర్ తెరిపించాం. సెల్లులో తప్పేమీ లేదు. దాని పక్కన రెండు రాగి పట్టీలు కలిసేచోట ఒక బోల్టు సరిగా బిగించలేదు, అంతే. బిగించినవాళ్ళు ఎవరో, ఏ తొందరలో ఉన్నారో. కలిసిన చోట రాగి నల్లబడి ఉంది. ఎండాకాలంలో, నిండు జోరు మీద నడిచే రోజున అది ఏమయ్యేదో చెప్పలేను. ఏమీ కాకపోయినా కాకపోవచ్చు. అలా అనుకోవడం కూడా నిజాయితీయే.

పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. హద్దు దాటకుండానే పరీక్ష ఎందుకు ఆపారని. సార్ స్పీకర్ ఆన్ చేసి నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

"మా ఇంజినీరుకి భయమేసిందండి, అందుకని ఆపింది" అన్నారు. అవతలాయన ఏదో అనబోతే, "భయపడ్డానికి ఒక మనిషి ఉండాలండి అక్కడ. మేం ఉంచుకున్నాం" అన్నారు. ఆ తర్వాత నల్లబడిన రాగి పట్టీ గురించి చెప్పారు. ముందు నా గురించి, తర్వాత పట్టీ గురించి. పట్టీ సంగతే ముందు చెబితే నేను గెలిచినట్టుండేది. ఆయన చెప్పిన వరసలో, పట్టీ బాగానే ఉన్నా నేను చేసింది సరైనదే అవుతుంది. ఆ తేడా నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఆ పరీక్షని తర్వాతి వారం మళ్ళీ చేశాం, పూర్తిగా. అప్పుడు షెడ్డులో సార్ కారుంది.

అంతకుముందు అక్క వడ్ల సంగతి తేలాల్సి ఉంది. కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషను ఒప్పుకోవాలి. రంగు మారినవీ మొలకెత్తినవీ పక్కన పెట్టేస్తారు. పరీక్ష ఆపిన మూడో రోజున వాళ్ళ వంతు వచ్చింది. నాకు చెప్పమని నా నంబరు ఇచ్చి పంపాను. పొద్దున్నుంచీ ఫోన్ రాలేదు. పాప కోసం కూడా ఎప్పుడూ ఆ రోజు చూసుకున్నన్నిసార్లు ఫోన్ చూసుకోలేదు. ఏసీ గదిలో ఆరినవి సరిగ్గా ఆరాయో లేదో, ఆ చివరి తడవ వల్ల మొత్తం బస్తాల్నీ తిప్పి పంపేస్తారేమోనని. ఇంకో గంటన్నర నడిపి ఉంటే, అని కూడా అనుకున్నాను. నల్లబడిన రాగిని కళ్ళారా చూసి కూడా అనుకున్నాను.

సాయంత్రం రైలెక్కాను. రేపల్లె నుంచి వచ్చే బండి, సీట్లన్నీ నిండి ఉన్నాయి. వేమూరు దగ్గర ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"అమ్మా, నేను. తీసుకున్నారమ్మా."

"అన్నీనా అక్కా?"

"అడుగు రాశిలో నాలుగు బస్తాలు మొలకొచ్చాయి, అవి వద్దన్నారు. గేదె తింటదిలే. మిగతావన్నీ తీసుకున్నారు. సార్ గదిలోయి కూడా. ఆ గుమస్తా అడిగాడు, ఈ ముసురులో ఎక్కడ ఆరబెట్టావమ్మా అని. ఆఫీసర్ గారింట్లో అన్నా. నమ్మలా."

ఫోన్ పెట్టేసింది. నేను బోగీలో అందరి మధ్యా నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. ఎదురు సీట్లో పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ నన్ను పరీక్షగా చూసింది.

"ఏమైందమ్మాయ్? ఎవరికన్నా బాగాలేదా?"

"లేదండి. వడ్లు తీసుకున్నారంట."

"మంచిదేగా! ఎన్నెకరాలు మీకు?"

"మాకు పొలం లేదండి."

"మరి ఎవరియ్యి?"

చెప్పబోయాను. కౌలు, కంచె, ఫ్యాన్లు, బోల్టు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ కాసేపు ఎదురుచూసి, బుట్ట ఒళ్ళోంచి కిందకి దించి, కిటికీ వైపుకి జరిగి, ఖాళీ అయిన చోటుని అరిచేత్తో తుడిచి, "కూర్చో" అంది.